బ్యాంకాక్‌లో కొరియా భోజనం

మొగల్తూరు దగ్గర తమ ఊళ్లో వరి పొలాలను రొయ్యల చెరువులుగా మొదట తవ్వించినవాడు అచ్యుతరామరాజు. ఆయన పంట చూసి పక్క పొలం వెంకటరాజు కూడా తవ్వించాడు. వరసకు బావ. మేత తగ్గించాలన్నా, మందు చల్లాలన్నా ముందు అచ్యుతరామరాజునే అడిగేవాడు.

తొంభై అయిదులో మేత కంపెనీ వాళ్లు కొందరు రైతులను బ్యాంకాక్ తీసుకెళ్లారు. ఆఖరి సాయంత్రం భోజనం కొరియా వాళ్ల హోటల్లో అన్నారు. బస దగ్గర బయల్దేరే ముందు అచ్యుతరామరాజు ఇంటికి ఫోన్ చేశాడు. కొడుకు శ్రీకాంత్ ఎత్తాడు.

"నాన్నగారూ, రొయ్యలు గట్టు పక్కకి వచ్చేస్తున్నాయండి. పట్టుకున్నా కదలట్లేదు. తలమీద తెల్లమచ్చలు."

"నీళ్లేం చేశావ్?"

"పాత నీళ్లు పోతే తేరుకుంటాయని పొద్దున్నే తూము ఎత్తించేశానండి."

ఆ నీళ్లు పడేది డ్రెయిన్‌లోకి. దిగువన వెంకటరాజు తన చెరువులకు నీళ్లు తోడుకునేది అందులోంచే. ఆ మాట చెప్పేలోపే లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

బస్సులో చెబుదామనుకున్నాడు. పక్కనే కూర్చున్న వెంకటరాజు పిల్లలకు కొన్న బొమ్మలు ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటే నోరు రాలేదు.

హోటల్లో బల్లల మధ్యన నిప్పుల పొయ్యిలున్నాయి. చుట్టూ చిన్న గిన్నెల్లో కారం పట్టించిన క్యాబేజీ, నానబెట్టిన ముల్లంగి, ఏవో ఆకులు. వడ్డించే అమ్మాయి కోడిమాంసాన్ని కత్తెరతో ముక్కలు చేస్తుంటే అందరూ పగలబడి నవ్వారు.

"కుట్టుమిషను కత్తెరండి బాబూ అది!" అన్నాడు వెంకటరాజు.

తర్వాత పచ్చి రొయ్యలు తెచ్చారు. అచ్యుతరామరాజు ఒకదాన్ని తీసి, తలను దీపం వైపు తిప్పి చూశాడు. మచ్చ లేదు.

"ఏంటి బావగారూ, ఇక్కడ కూడా పరీక్షేనా? మనవి వీటికంటే బాగా ఎదిగాయండి. వెళ్లగానే పట్టుబడి చేసి అమ్మేద్దాం."

ఇక ఆగలేకపోయాడు. "బావా, మా చెరువుకి తెల్లమచ్చ తెగులు వచ్చిందండి. మావాడు నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేశాడు. మీ నీళ్లు తోడే ఇంజన్లు ఆపించండి."

వెంకటరాజు ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"బస్సెక్కే ముందు."

వెంకటరాజు లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. కంపెనీ ఆఫీసరు ఎలాగో లైను కలిపించాడు. వెంకటరాజు తిరిగొచ్చి నిలబడే చెప్పాడు. "మధ్యాహ్నమే తోడేశారంట. అన్ని చెరువులూ నింపేశారంట."

మిగతా రైతులకూ తమ చెరువులు గుర్తొచ్చాయి. ఒక్కొక్కరే లేచి ఫోన్ దగ్గరికి నడిచారు. ఏమీ అర్థంకాని ఆ అమ్మాయి ఎర్రగా కాలిన రొయ్యల్ని ఖాళీ కుర్చీల ముందు పళ్లాల్లో పెడుతూనే ఉంది. అన్నం గిన్నెల మూతలు ఎవరూ తీయలేదు.

ఇంటికొచ్చేసరికి కూలీలు గోతులు తీసి, చచ్చిన రొయ్యలమీద సున్నం చల్లుతున్నారు. అచ్యుతరామరాజు వెంకటరాజు గట్టుకు వెళ్లాడు. అక్కడా అదే వాసన.

"బస్సులో నా పక్కనే కూర్చున్నారు కదండి," అన్నాడు వెంకటరాజు, ఆయనవైపు చూడకుండా.

బస్సెక్కేసరికే మీవాళ్లు నీళ్లు తోడేశారు కదా అనొచ్చు. అచ్యుతరామరాజు తలొంచుకుని వచ్చేశాడు.

మరుసటేడు వెంకటరాజు ఒంగోలు వైపు ఎవరివో చెరువులు చూసుకోవడానికి కుటుంబంతో వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు చెప్పలేదు. అచ్యుతరామరాజు చెరువులు పూడ్పించి వరి నాటించాడు. ఉప్పెక్కిన నేలలో నారు కొసలు ఎర్రబడి చచ్చిపోయింది. ఆ పై ఏడూ అంతే.

"నేను తూము ఎత్తకుండా ఉండాల్సిందండి," అన్నాడు ఒకరోజు శ్రీకాంత్.

"నీకేం తెలుసురా," అన్నాడు తండ్రి. ఓదార్చడానికే అన్నాడు గానీ అది తిట్టినట్టే వినిపించింది. శ్రీకాంత్ మళ్లీ పొలం వైపు రాలేదు. పాలకొల్లులో ఎరువుల కొట్లో కుదిరాడు.

అచ్యుతరామరాజు మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి ఆ గట్టుమీద కూర్చునేవాడు. చెయ్యడానికి అక్కడ ఏ పనీ లేదు. ఇంట్లోనూ లేదు.