పచ్చగా మార్చిన ఫిర్యాదు

నాలుగేళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లో చెప్పలేదు. కంపెనీలో చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

రాంబిల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. అనకాపల్లి నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్లొస్తాను. ప్రమాదాలు తగ్గించడానికని అప్పట్లో ఒక యాప్ పెట్టేరు. ఎక్కడ లోపం కనిపించినా పనివాళ్లే ఫోటో తీసి పంపొచ్చు. పంపగానే ఎర్రగా పడుతుంది. మేం బాగుచేసి మూసేస్తే పచ్చగా మారుతుంది. మంచి యాప్. ఆ మాట ఇప్పటికీ అంటాను. షెడ్డు షెడ్డుకీ తిరిగి, భయపడకుండా పంపండని అందరికీ నేర్పింది నేనే.

ముందుగా నమ్మింది అప్పలనాయుడు. కె. కోటపాడు మనిషి. ఊళ్లో చెరకు, ఇక్కడ సెంట్రిఫ్యూజ్ ఆపరేటరు. తడి మందును గిర్రున తిప్పి నీరు లాగేసే యంత్రం అది. పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోకూడదు. ఆ లాకు పనిచేయడం లేదని ఫోటో పంపేడు. కొత్త లాకు రావడానికి టైము పడుతుందన్నారు మెయింటెనెన్సు వాళ్లు. యంత్రం ఆపుదామంటే మేనేజరు కస్సుమన్నాడు. మర్నాడు హెడ్డాఫీసు వాళ్లొస్తున్నారు, స్క్రీన్ మీద ఒక్క ఎరుపు కనబడకూడదన్నాడు.

‘బాగుచేశాం’ అని నొక్కేసేను. పక్క యంత్రం లాకు ఫోటో తీసి పెట్టేను. వాళ్లు వెళ్లగానే ఆ ఫిర్యాదు మళ్లీ తెరుద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు.

ఆ వారంలోనే అతని కుడిచెయ్యి అందులో పడింది. మణికట్టు పైదాకా తీసేసేరు.

ఆసుపత్రికి వెళ్లేను.

"ఫోటో ఎట్టేను గదా సార్. పచ్చగా అయిపోనాది. మీరు బాగుసేయించేరనుకున్నాను. మూతొచ్చీసింది, మరి ఆగిపోనాదనుకుని సెయ్యెట్టేను. నేనేటి తప్పు సేసేను సార్?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. "కొంచెం తొందరపడ్డావు నాయుడూ," అన్నాను.

అతను కట్టు కట్టిన చేతికేసి చూసుకున్నాడు. "అవునేమో సార్," అన్నాడు.

విచారణలోనూ అదే రాసేను, ఆపరేటరు అజాగ్రత్త అని. ఫిర్యాదు మూసింది ఎవరో యాప్‌లో పేరుతో సహా ఉంది. నా పేరే. తెరిచి చూసిన మనిషి లేడు! ఒక్కరు చూసినా నేను దొరికిపోయేవాణ్ణి. దొరకనందుకు ఎవరిమీద మండిపడాలో తెలీక అందరిమీదా మండిపడుతుంటాను.

ఇప్పుడతన్ని గేటు దగ్గర హెల్మెట్లిచ్చే పనిలో పెట్టేరు. కొత్తవాళ్లకి ట్రైనింగిచ్చే రోజున నేనే పిలిపిస్తాను, మేనేజరు ఆర్డరు. అతను ఖాళీ చొక్కా చెయ్యి చూపించి, "నాలాగ తొందరపడకండ్రా" అంటాడు. నేను పక్కన నిలబడి తలాడిస్తాను.

అతను క్షమిస్తాడో లేదో అడగడానికి కూడా నాకు మొహం లేదు. ఇది రాసేక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే. ఒక్కసారైనా నా చేత్తో నిజం రాయాలి: అప్పలనాయుడు తొందరపడలేదు. నేను పెట్టిన పచ్చరంగుని నమ్మేడు.