రేష్మా సంచికి నా వీపు కొలత

నారాయణఖేడ్ డిపో నుంచి సంగారెడ్డి వైపు వెళ్ళే మొదటి బస్సు ఉదయం అయిదున్నరకు. మే నెలలో ప్రయాణమంటే ఆ బస్సే మేలు, జోగిపేట దాటేదాకా కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. ఆ సోమవారం నేనూ రేష్మా అయిదింటికే డిపో చేరాం. డ్రైవరు వెనక సీటు దొరికింది. రేష్మా కిటికీ పక్కన కూర్చుంది. ఈమధ్య అన్నీ దానికే దొరుకుతున్నాయని నాకప్పుడు గట్టిగా అనిపించింది.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి. ఇంకా ఉమ్మడి రాష్ట్రం రోజులు. డిగ్రీ చివరి ఏడాదిలో మా ఇద్దర్నీ భువనగిరి గుట్ట మీద పది రోజుల కొండలెక్కే శిక్షణకు పంపారు. పదకొండో రోజు గోడకు జాబితా అంటించారు. ఉత్తరకాశి దగ్గర నెల రోజుల పర్వతారోహణ కోర్సుకు మా వైపు నుంచి ఒక్కరే. రేష్మా. దాని కింద వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాది, నాగమణి. కోర్సులో మొదటి రెండు రోజులు ఇరవై కిలోల బరువు మోస్తూ నడిపిస్తారని, మోయలేనివాళ్ళను ఇంటికి పంపి వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళను పిలుస్తారని భువనగిరిలో సారు చెప్పాడు. ఆ మాట రేష్మా మరిచిపోయింది. నేను మరవలేదు.

గురువారం దాని రైలు. కొనాల్సింది ఒక్కటే మిగిలింది, పెద్ద బ్యాగు. డెబ్బై లీటర్లకు తగ్గకూడదని కోర్సువాళ్ళు పంపిన కాగితంలో రాశారు. అదే రోజు సంగారెడ్డి పెద్ద దవాఖానలో దానికి మెడికల్ సర్టిఫికెట్ పని పడింది. అందుకని అది సంగారెడ్డిలో దిగాలి, నేను హైదరాబాద్ పోయి బ్యాగు కొనుక్కురావాలి, సాయంత్రం సంగారెడ్డి బస్టాండులో కలుసుకోవాలి.

నేనెందుకంటే, మా ఇద్దరిదీ ఒకటే కొలత. ఇంటర్ నుంచి మా ఇద్దరికీ ఒకటే ఆది డ్రెస్సు. ఎవరి గుడ్డ కుట్టించాలన్నా ఆ ఆకుపచ్చ డ్రెస్సే టైలర్‌కు ఇస్తాం. రంజానుకు దానికి కుట్టింది నాకు సరిపోయేది, దసరాకు నాకు కుట్టింది దానికి సరిపోయేది. పక్కపక్కన నిలబెడితే మా ఎత్తు వెంట్రుకవాసి తేడా ఉండదు.

"నీకు సరిపోతే నాకు సరిపోయినట్టే గద. మంచిగ ఏసుకొని సూసి తే," అంది రేష్మా, కండక్టర్ దగ్గర రెండు టికెట్లు తీసుకుంటూ.

"మల్ల రంగు నచ్చలేదనొద్దు," అన్నాను.

"రంగు నీ ఇష్టమే. ఏ రంగైతేంది, మంచుల అన్నీ కనవడ్తయట."

పైకి నవ్వాను. మంచులో ఏది కనబడుతుందో నాకు చెబుతోంది! భువనగిరి గుట్ట మీద నాకంటే ముందు ఎక్కిందంటే దాని కాళ్ళు పొడుగు కాబట్టి. నేను రెండడుగులు వేసి అందుకునే చోటును అది ఒక్క అంగలో అందుకునేది. దేవుడిచ్చిన కాళ్ళకు జాబితాలో పేరెందుకు అని పది రోజులుగా నాలో నేను సణుక్కుంటూనే ఉన్నాను.

ఎనిమిదింటికి సంగారెడ్డి వచ్చింది. రేష్మా దిగుతూ వాళ్ళ అమ్మీ కట్టిచ్చిన డబ్బా నా ఒళ్ళో పెట్టింది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం.

"నువ్వే తిను. నాకు రక్తం తీస్తరట, పరిగడుపున ఉండాలె," అని వెళ్ళిపోయింది.

తొమ్మిదిలోపే పటాన్‌చెరు చేరాను. అక్కణ్ణుంచి సికింద్రాబాద్‌కు సిటీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి కానీ కూర్చోవడానికి చోటు దొరకదు. కూకట్‌పల్లి దాకా నిలబడే వచ్చాను. పక్కన కూరగాయల బుట్టతో ఉన్న ఒకామె "యాడిదాకా బిడ్డా?" అనడిగింది. రాణిగంజ్ అని చెప్పాను. "గాడ మోటర్లు, పైపులే దొరుకుతయి గద," అని ఆశ్చర్యపోయింది. నిజమే. రాణిగంజ్‌లో పైపులు, మోటార్లు, తాళ్ళు అమ్మే దుకాణాల మధ్య ఒక ఇరుకు మెట్లదారి ఉంది. ఆ మెట్లెక్కితే కొండలెక్కేవాళ్ళ సామాన్ల దుకాణం. వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు పదిన్నర తర్వాతే వెళ్ళండి, అంతకుముందు తెరవరు.

దుకాణదారు అరవై దాటిన మనిషి. ఒకప్పుడు మిలిటరీలో పనిచేశాడట, వీపు ఇంకా నిటారుగా ఉంది. గోడ నిండా బ్యాగులు వేలాడుతున్నాయి. ఒక్కోదాంట్లో మా ఇంట్లోని బట్టలన్నీ పట్టేస్తాయి.

"ఎవరికమ్మా?" అనడిగాడు.

రేష్మాకు అని చెప్పడానికే నోరు తెరిచాను. "నాకే," అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఎక్కడికని అడిగాడు. ఉత్తరకాశి అన్నాను. ఎన్ని రోజులంటే నెల అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. చాయ్ తెప్పించాడు. "ఇటు రామ్మా, ముందు నీ వీపు కొలుద్దాం," అన్నాడు.

బ్యాగుకు వీపు కొలవడమేమిటో నాకు తెలియదు. మొత్తం మనిషి ఎత్తే కదా కొలత అనుకున్నాను. ఆయన నన్ను తల వంచమన్నాడు. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర టేపు పెట్టాడు. రెండు చేతులూ నడుం పక్కల ఎముకల మీద ఆనించి, బొటనవేళ్ళు వెనక్కి పెట్టమన్నాడు. ఆ బొటనవేళ్ళ మధ్యదాకా టేపు లాగాడు.

"పద్దెనిమిదిన్నర అంగుళాలు. నీది పొడుగు వీపమ్మా. పెద్ద సైజు కావాలి," అన్నాడు. "చాలామంది ఎత్తు చూసి కొంటారు. అది తప్పు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడుగుంటాయి, ఒకరికి వీపు పొడుగుంటుంది. ఇద్దరికీ ఒకే బ్యాగు పనికిరాదు."

కాలేజీ బెంచీ గుర్తొచ్చింది. నిలబడితే నేనూ రేష్మా సమానం. కూర్చుంటే నా తల దాని తల కంటే పైకుంటుంది. వెనక బెంచీవాళ్ళు నన్నే జరగమనేవాళ్ళు. ఆకుపచ్చ డ్రెస్సుకు ఈ సంగతి ఎప్పుడూ అవసరం పడలేదు, వదులుగా వేలాడే గుడ్డ ఎవరికైనా సరిపోతుంది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన ఎర్ర బ్యాగొకటి దించి, అందులో పదిహేను కిలోల ఇసుక సంచులు పేర్చాడు. బరువైనవి వీపుకు దగ్గరగా, మధ్యలో. పట్టీలన్నీ వదులు చేసి నా భుజాలకెత్తాడు. "ముందు నడుం పట్టీ బిగించు. ఎముక మీద కూర్చోవాలి. తర్వాత భుజాలవి. చివరికి పైనున్న చిన్న పట్టీలు." నేను బిగించాను. భుజాల మీద బరువు తేలిపోయి నడుం మీదికి దిగింది. దుకాణంలో అటూ ఇటూ నడిచాను. మెట్లు దిగి మళ్ళీ ఎక్కాను. బ్యాగు నాతోపాటే నడిచింది.

ఇద్దరు కుర్రాళ్ళు, ఏదో కంపెనీ వాళ్ళు, చిన్న బ్యాగులు కొనడానికి వచ్చారు. "ఈ అమ్మాయి హిమాలయాలకు పోతోంది, నెల రోజులు," అని దుకాణదారు వాళ్ళకు చెప్పాడు.

"అదృష్టవంతులండీ. మాకు రెండ్రోజుల సెలవు దొరకడమే కష్టం," అన్నాడొకడు.

అన్నాడు కానీ వాడి చూపు నా బ్యాగు మీంచి కదల్లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పది రోజులుగా రేష్మాను నేను చూస్తున్నది ఆ చూపుతోనే. జీవితంలో మొదటిసారి నన్నొకరు అలా చూశారు. ఎంత బాగుందో చెప్పలేను.

"చిన్న వీపు సైజు కూడా ఉంది. ఒకసారి వేసుకు చూస్తావా?" అనడిగాడు ముసలాయన.

"వద్దు. ఇదే నాకు సరిపోయింది," అన్నాను.

ధర చీటీ తెంపకుండా, మట్టి అంటకుండా వారంలోపు తెస్తే మారుస్తానని చెప్పి బిల్లు రాశాడు. పన్నెండున్నరకు బయటపడ్డాను. ఖాళీ బ్యాగును భుజాలకు తగిలించుకునే సిటీ బస్సెక్కాను. అందరూ తిట్టారు. పటాన్‌చెరులో దిగి నీడకు కూర్చుని డబ్బా తెరిచాను. రేష్మా వాళ్ళ అమ్మీ రొట్టెలు మెత్తగా ఉన్నాయి. ఒక్కటి తిని మూత పెట్టేశాను.

సంగారెడ్డికి మూడుంపావుకు చేరాను. రేష్మా సిమెంటు బెంచీ మీద సర్టిఫికెట్ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఎర్ర బ్యాగు చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"అబ్బ! ఎంత మంచిగుందే!"

వెంటనే వేసుకుంది. నా నీళ్ళ సీసాలు, డబ్బా, దాని ఫైలు అన్నీ లోపల కుక్కింది. నడుం పట్టీ ఎముక మీద కూర్చోలేదు, తుంటి మీదికి జారింది. బరువంతా భుజాలను వెనక్కి గుంజుతోంది. దానికేం తెలుసు? అలాగే ప్లాట్‌ఫారం మీద తిరిగింది.

పక్క బెంచీలో కంగ్టి ఊరి అవ్వ ఒకామె ఉంది, పటాన్‌చెరులో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి తిరిగిపోతోంది. అంతా చూస్తూనే ఉంది.

"గది జారుతుంది బిడ్డా. ముప్పయ్యేండ్లు ఇటుకలు మోసిన, నాకెర్కలేదా? బరువు గట్ల కిందికి జారితే నడుం వడిపోతది. ఎవలు కొలిచిన్రు?"

"గిదే కొలుసుకొచ్చింది అవ్వా. మా ఇద్దరికి ఒక్కటే నాపు, ఒక్కటే కొలత," అంది రేష్మా గర్వంగా, నా మెడ చుట్టూ చెయ్యేసి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి నా భుజం మీదికే పోయింది. నాలుగింటికి నారాయణఖేడ్ బస్సు వచ్చింది. కండక్టర్ బ్యాగును చూసి "గీ మనిషికి గూడ టికెట్ కొట్టాల్నా?" అని నవ్వించి, ఇంజను పక్కన పెట్టించాడు.

జోగిపేట దాకా నా బుర్రలో ఒక్కటే లెక్క. ఇరవై కిలోలు, తప్పు బ్యాగు, మొదటి రెండు రోజులు. రేష్మా మోయలేదు. వెనక్కి వస్తుంది. ఆ తర్వాతి పేరు నాది. ఎవరూ నన్ను తప్పు పట్టలేరు, ఒకటే కొలత అని చెప్పింది అదే కదా. ఇంత నీచమైన ఆలోచన నాకెలా వచ్చిందని అడగకండి. వచ్చింది. పైగా చాలాసేపు తియ్యగానే ఉంది.

జోగిపేటలో బస్సు ఆగినప్పుడు రేష్మా దిగి రెండు మామిడికాయ ముక్కల పొట్లాలు తెచ్చింది. కారం ఎక్కువున్నది నాకిచ్చింది, నాకిష్టమని.

"రేష్మా, బ్యాగ్ నీకు సరిపోదు," అన్నాను.

"ఏందే? ఇప్పుడే ఏసుకున్న గద."

"నా ఈపుకు కొన్న. ఎత్తు కాదట, ఈపు కొలవాలెనట. నీది పొట్టి, నాది పొడుగు. దుకాణంల గాయన చెప్పిండు. చెప్పినంక గూడ నాదే తీసుకున్న. నేనే పోతున్న అని చెప్పిన గాయనకు."

రేష్మా చేతిలోని మామిడి ముక్కను మళ్ళీ పొట్లంలో పెట్టేసింది.

"ఎందుకే?"

"నాకు పోవాలెనని ఉంది."

అది కిటికీ వైపు తిరిగింది. "నీ కడుపుల మంట ఉందని నాకెరుకనే. బ్యాగ్ మీద తీస్తవనుకోలే," అంది. తిట్టినా బాగుండేది. నేను ఏడ్చాను, అది చూడనట్టే కూర్చుంది.

నిజాంపేట దాటాక, ఇటు తిరక్కుండానే అడిగింది: "నువ్ ఏసుకుంటే ఎట్లుండె?"

"పదిహేను కిలోలు వెట్టిండు. నడుం మీద కూసుంది. ఉన్నట్టే లేకుండె."

"మారుస్తడా?"

"మారుస్తడు. చీటీ తెంపలే."

"అయితే కొలువు."

తల వంచి, వీపు నా వైపు తిప్పింది. టేపు లేదు కాబట్టి జానతోనే కొలిచాను. మెడ ఎముక నుంచి నడుం ఎముకలదాకా సరిగ్గా రెండు జానలు. నాది కొలవమన్నాను. మూడు వేళ్ళు ఎక్కువొచ్చింది. పన్నెండేళ్ళుగా పక్కపక్కన కూర్చున్నాం, ఈ మూడు వేళ్ళ తేడా ఇద్దరికీ తెలియదు.

"రేపు నేనే పోతా. నువ్ రావద్దు," అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

బ్యాగు కొనడానికి ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. రంగు, లీటర్లు తర్వాత చూసుకోవచ్చు. మోసే మనిషే వెళ్ళాలి, ఇంకొకరి వీపును నమ్మి పంపకూడదు. నా అసూయ ఆ బస్సులో తీరిపోయిందని కూడా చెప్పను. ఇది రాస్తున్నప్పుడు కూడా కొంచెం ఉంది.

ఆరున్నరకు నారాయణఖేడ్‌లో దిగేసరికి ఇంకా వెలుతురుంది. బ్యాగు తీసి దాని చేతికివ్వబోయాను. రేష్మా తీసుకోలేదు. నా భుజాలకే ఎక్కించి, ముందుకొచ్చి నడుం పట్టీ తనే బిగించింది.

"నీ నాపే గద. ఇంటిదాకా నువ్వే మొయ్యి," అని ముందుకు నడిచింది.

డిపో బయట మా గల్లీ ఆటో అన్న నన్ను చూసి గట్టిగా నవ్వాడు. "ఏం మణీ, గింత పెద్ద మూట! యాడికి పోతున్నవ్?"

పది రోజులుగా ఈ ప్రశ్న ఎవరడుగుతారోనని సందులు మారి తిరిగాను.

"నేను కాదన్నా," అన్నాను. "రేష్మా పోతుంది. మంచు గుట్టలెక్కనీకి. మా అందరిల అదొక్కతే ఎంపికైంది."

ముందు నడుస్తున్న రేష్మా ఆగింది, వెనక్కి మాత్రం చూడలేదు. నేను పక్కకు చేరాక మళ్ళీ నడిచింది, నా అడుగుకు సరిపోయేలా.