పళ్ళ తొడుగులకు వంటింటి నీళ్ళు

నవంబరు పదహారు, ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. స్థలం: పటేల్‌గూడలో మా ఇల్లు, వంటింటి గుమ్మం. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, నా చెల్లెలు, కింది వాటాలో కిరాయికి ఉండే ఇల్లాలు.

ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ మా సెక్షన్ మీటింగులకు మినిట్స్ రాసే పని నాదే. ముందు తేదీ, తర్వాత హాజరైనవారు, ఆ తర్వాతే విషయం. రిటైరయ్యాక కూడా డైరీ అలాగే రాస్తున్నాను. ఆ రోజు పేజీలో విషయం అన్న చోట ‘చెల్లెలి పళ్ళ తొడుగులు’ అని రాశాను.

చెల్లెలికి యాభై దాటాయి. ఆమె భర్త గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో స్టోర్సు చూసేవాడు. ఆయన పోయాక, పిల్లలు లేరు కనుక, నేనే వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చాను. వచ్చిన కొత్తలో ఆమె అన్నం ముట్టకపోతే నా భార్యే పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. ఆ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత రాయబోయేది చదివి నా భార్యను కఠినురాలు అనుకునే ప్రమాదం ఉంది.

చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ముందు పళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండేవి. నవ్వు వస్తే పమిట కొంగు నోటికి అడ్డం వచ్చేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు “అమ్మాయి నవ్వదా?” అని అడిగితే, మా అమ్మ “సిగ్గండీ” అని సర్దిచెప్పేది. కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటై, ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా పెట్టుకునేది.

కిందటేడు పంటినొప్పితో బీరంగూడ వైపు ఒక చిన్న క్లినిక్‌కు వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ సంగారెడ్డి పిల్ల. పళ్ళు అలా ఎక్కి ఉండడం వల్లే మధ్యలో తిండి ఇరుక్కుంటోందని, ఈ వయసులో కూడా వాటిని సరిచేయొచ్చని చెప్పింది. తీగలు అక్కర్లేదట. కంటికి కనపడని పల్చటి ప్లాస్టిక్ తొడుగులు, అలైనర్లంటారు. పై వరుసకొకటి, కింది వరుసకొకటి. కొన్నాళ్ళకోసారి కొత్త జత మారుస్తూ పోతే పళ్ళు మెల్లగా జరుగుతాయి.

ఇంటికి వస్తుంటే ఆటోలో చెల్లెలు అడిగింది.

“నవ్వుతారా అన్నయ్యా?”

“ఎవరు?”

“అందరూ. ఈ వయసులో దీనికి పళ్ళ సోకేమిటని.”

“ముందు నువ్వు నవ్వు. తర్వాత వాళ్ళ సంగతి చూద్దాం” అన్నాను.

తన డబ్బుతోనే చేయించుకుంది. అంతవరకూ తన కోసం తను ఏదైనా కోరుకోవడం నేను చూడలేదు.

తొడుగుల నియమాలు డాక్టరమ్మ శ్రద్ధగా చెప్పి పంపింది. రాత్రీ పగలూ నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు, కాఫీ తాగేటప్పుడు తీయాలి. మళ్ళీ పెట్టుకునే ముందు పళ్ళు తోముకోవాలి, తొడుగుల్ని మెత్తటి బ్రష్షుతో చన్నీళ్ళలో కడగాలి. పేస్టు రుద్దితే గీతలు పడతాయి. తీసినప్పుడు కాగితంలో చుట్టి పెట్టకూడదు, చెత్తలో పోతాయి. వాటికని ఇచ్చిన పెట్టెలోనే పెట్టాలి, ఆ పెట్టెనూ రోజూ కడిగి ఆరబెట్టాలి. నా భార్య ఇదంతా విని ఒక్క సందేహమే అడిగింది.

“సలసల మరిగే నీళ్ళు పోసేస్తే అన్నీ పోతాయిగా? ఎందుకీ బ్రష్షులూ అవీ?”

“వేడి తగిలితే వంకర పోతాయట వదినా. ఇక పళ్ళకు పట్టవట” అంది చెల్లెలు.

“నిప్పుకు నిలవని శుద్ధేం శుద్ధి!” అని నా భార్య లోపలికి వెళ్ళిపోయింది.

ఆమెది కృష్ణా జిల్లా. నా ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి జీవితమంతా ఇక్కడే గడిచినా, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి వదల్లేదు. ఎంగిలి వంటింటి గడప దాటకూడదు. ఈ నియమం ఇతరులకే కాదు, ముందు ఆమెకే. గ్లాసు పెదవికి తగలకుండా పైనుంచి నీళ్ళు పోసుకుంటుంది. ఉప్పు చాలిందో లేదో చూడ్డానికి కూడా కూర నాలుక మీద వేసుకోదు, వాసన చూసి చెబుతుంది. తిన్న కంచాలు వంటింటి సింకులోకి రావు. వెనక వాష్ ఏరియాలో అంట్లు తోమే చోటికే వెళ్తాయి.

అలాంటి ఇంట్లోకి నోట్లోంచి రోజుకు ఎన్నోసార్లు తీసి పెట్టే వస్తువు వచ్చింది. దాన్ని ఎక్కడ కడగాలన్నది ఎవరూ చర్చించలేదు. చెల్లెలు తనంతట తానే వెనక్కి, అంట్లు తోమే కుళాయి దగ్గరికి వెళ్ళింది.

మా వైపు బోరు నీళ్ళు ఎవరూ తాగరు. బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుంది, వేసవిలో ఒక రకం వాసన. స్నానానికీ అంట్లకూ ఆ నీళ్ళే. బాత్రూముల్లోనూ వాష్ ఏరియాలోనూ వచ్చేవి అవే. నోట్లోకి పోయే నీళ్ళు వంటింట్లో ఫిల్టరు నుంచి మాత్రమే.

మొదట్లో ఆమె ఒక సీసాలో ఫిల్టరు నీళ్ళు పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళేది. అయిపోయాక నింపుకోవడానికి ఆ సీసా మళ్ళీ ఫిల్టరు దగ్గరికి రావాలి కదా. ఒకరోజు అలా వచ్చింది. నా భార్య పప్పు కడుగుతూ ఆ సీసా వైపు చూసింది. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత సీసా కనపడలేదు.

ఆ ఆదివారం ఉదయం కొత్త జత తెచ్చుకోవడానికి క్లినిక్‌కు వెళ్ళాం. డాక్టరమ్మ పాత తొడుగుల్ని లైటు కింద తిప్పి చూసింది.

“గిదేంది ఆంటీ, గింత తెల్లగ పేరుకున్నది? తోముతలేరా?”

“తిన్నప్పుడల్లా తోముతున్నానమ్మా.”

“పేస్టు గిట్ల పెడుతున్నరా?”

“లేదు, నువ్వు చెప్పినట్టే.”

“మరి ఏ నీళ్ళతోని?”

చెల్లెలు నా వైపు చూసింది. “కుళాయి నీళ్ళే” అంది.

“బోరు నీళ్ళా? అయ్యో ఆంటీ, గా నీళ్ళు మీరు తాగుతరా? తాగరు కదా. మరి రోజంతా నోట్ల ఉండేటిదాన్ని గా నీళ్ళతోని కడిగి పెట్టుకుంటిరి! ఉప్పు పొర పడితే గరుకైతది. గరుకు మీద పాచి కూసుంటది. సూడున్రి, చిగుళ్ళు ఎట్ల ఉబ్బినయో.”

దూదితో తాకితే రక్తం వచ్చింది. డాక్టరమ్మ చేతి తొడుగు తీసేసి, నాతో కాదు, చెల్లెలితోనే మాట్లాడింది.

“కొత్త జత ఇప్పుడియ్య. రెండు వారాలు గివే పెట్టుకోన్రి, సూస్త ఆంటీ. వాపు తగ్గకపోతే ఇగ ఆపేద్దాం. ఈ వయసుల చిగురు పాడైతే పళ్ళు నిలువయి. నడుమల ఆపితే జరిగిన పళ్ళు మళ్ళ ఎనకకు పోతయి. జెర మంచి నీళ్ళతోని కడుగున్రి, గంతే. అదేం పెద్ద పనా?”

డాక్టరమ్మకు అది పెద్ద పని కాదు. ఫిల్టరు కుళాయి తిప్పడమే.

ఇక మొదట రాసిన మధ్యాహ్నం. కింది వాటా ఇల్లాలు సీతాఫలాలు ఇద్దామని పైకి వచ్చి, టీ తాగుతూ గుమ్మం దగ్గరే కూర్చుంది. డాక్టరమ్మ అన్నదంతా నేను నా భార్యకు చెప్పాను. ఆమె వింటూ గిన్నెలు సర్దుతోంది. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడింది.

“గా రెండు ప్లాస్టిక్ డొప్పలకు గింత పంచాయితీ ఏందక్కా?” అంది కింది ఇల్లాలు.

“నీకేం, ఎన్నయినా చెబుతావు. నోట్లోంచి తీసినవి తెచ్చి తాగే నీళ్ళ పక్కన కడగమంటావా?”

“మా ఆయన గుట్కా నములుకుంట సక్కగ వంటింట్లకొస్తడు. ఆయనను ఏ నల్లా కింద కడగాలె చెప్పు!”

అందరం నవ్వాం. నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే తెగని పని తెంచేద్దామనుకుని నేను మాట్లాడాను. మీటింగుల్లో అలవాటైన పద్ధతి అది.

“దీనికి తేలికైన ఉపాయం ఉంది. మంచినీళ్ళ క్యాను ఒకటి వేరుగా తెప్పించి వెనక వాష్ ఏరియాలో పెడదాం. అది చెల్లాయి ఒక్కదానికే. ఫిల్టరు జోలికి రావక్కర్లేదు. ఎవరికీ ఇబ్బంది లేదు.”

నా భార్య తల ఊపింది. ఆమెకు నచ్చింది.

“నాకు వేరే నీళ్ళు పెడతావా అన్నయ్యా?” అంది చెల్లెలు.

గొంతు పెంచలేదు. తొడుగులు నోట్లో ఉన్నందువల్ల మాట కొంచెం నత్తిగా వచ్చింది. అయినా అందరికీ స్పష్టంగానే వినపడింది.

“వేరే అంటే అలా కాదమ్మా...” అన్నాను.

“నేనేమైనా అన్నానా నిన్ను?” అంది నా భార్య.

“నువ్వేమీ అనలేదు వదినా. సీసా తెచ్చినప్పుడూ ఏమీ అనలేదు. చూశావు. అంతే. నేనే అర్థం చేసుకున్నాను.”

కింది ఇల్లాలు లేచి, తను తాగిన టీ గ్లాసును ఎప్పటిలాగే వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, తనే కడిగి, అక్కడే గట్టు మీద బోర్లించి కిందికి వెళ్ళిపోయింది. నా భార్య ఆమె వెళ్ళేదాకా చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం చెల్లెలు తొడుగులు తీసి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను క్లినిక్ వాళ్ళిచ్చిన సంచిలో వేసింది.

“ఇక పెట్టుకోను. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పెయ్ అన్నయ్యా.”

“సగం దాకా వచ్చాక ఇదేమిటి?”

“ఇన్నాళ్ళు ఇలాగే బతికాను. ఇక నుంచి కూడా బతుకుతాను. దీని కోసం ఇంట్లో నీళ్ళు రెండు కావడం నాకు వద్దు.”

నా భార్య ఆ మాటలు దేవుడి గదిలోంచి వింది. మర్నాడు కార్తీకమాసంలో చివరి సోమవారం. ప్రమిదలు తుడుస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. తప్పెవరిదని మేము మాట్లాడుకోలేదు. ఇంకో ప్రమిద చేతిలోకి తీసుకుంటూ ఆమే అంది.

“మా అమ్మ ఎలా చేసేదో అలాగే చేస్తున్నానండీ. ఇంకోలా చేయడం నాకు తెలీదు.”

“తెలుసు.”

“దాన్ని వేరుగా పెట్టాలని ఎప్పుడూ అనుకోలేదు. ఒట్టు.”

“నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదు కదా” అన్నాను. ఆమె ప్రమిద తుడవడం ఆపలేదు.

ఇలాంటి పట్టింపులు తర్కంతో వచ్చినవి కావు. మరి తర్కంతో పోతాయని నేను ఎలా ఆశించాను? బోరు నీళ్ళు అపరిశుభ్రమని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అందుకే వాటిని వంటకు వాడదు. ఆమె లెక్కలో శుభ్రం వేరు, ఎంగిలి వేరు. ఆ రెంటి మధ్యా నలిగినవి మా చెల్లెలి చిగుళ్ళు.

మర్నాడు, సోమవారం. నా భార్య తెల్లవారకముందే తలస్నానం చేసి మడి చీర కట్టుకుంది. ఆ రోజు ఆమెకు ఉపవాసం, పైగా మడి. పూజ అయ్యేవరకూ ఆమెను ఎవరూ తాకకూడదు. నైవేద్యం పరమాన్నానికి పాలు పొయ్యి మీద పెట్టింది. నేను హాల్లో పేపరు చూస్తున్నాను. అక్కడి నుంచి వంటిల్లు కనపడుతుంది.

చెల్లెలు ముఖం కడుక్కుని కాఫీ కోసం గుమ్మం దగ్గరికి వచ్చి, మడి చూసి బయటే ఆగింది.

“పెట్టె ఏది?” అంది నా భార్య.

“ఏ పెట్టె?”

“పళ్ళ పెట్టె. రాత్రంతా పెట్టుకోలేదుగా. తీసుకురా.”

“వదినా, ఇవ్వాళ సోమవారం.”

“ఏ వారమో నాకు తెలుసమ్మా. తీసుకురా.”

చెల్లెలు వెళ్ళి తెచ్చింది. తెచ్చి మళ్ళీ గడప బయటే నిలబడింది. నా భార్య ఫిల్టరు దగ్గరికి నడిచి, కుళాయి మీద చెయ్యి వేసి, రమ్మన్నట్టు తల ఊపింది. చెల్లెలు నా వైపు చూసింది. నా వంతు మాటలు నిన్ననే అయిపోయాయి. ఆమె లోపలికి వెళ్ళింది.

నా భార్య కుళాయి తిప్పి పట్టుకుంది. సన్నటి ధార కింద చెల్లెలు ఒక తొడుగు పట్టి, బ్రష్షుతో లోపలా బయటా తోమింది. బ్రష్షు అడ్డం తగిలి ధార చెదిరి, చుక్కలు మడి చీర మీద పడ్డాయి.

“అయ్యో వదినా, మడి!”

“పడనీలే. మూలల్లో తెల్లగా ఉంది, అక్కడ తోము. అవతలిది కూడా.”

రెండోదీ తోమింది. పెట్టె కూడా కడగమంది నా భార్య, మూత వేరుగా, అడుగు వేరుగా. చెల్లెలు తొడుగులు దులిపి, అక్కడే నిలబడి, పై వరుసకూ కింది వరుసకూ పెట్టుకుంది. పళ్ళకు పట్టడానికి వేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఒక్క రాత్రికే బిగుసుకున్నాయంది.

“నొప్పిగా ఉందా?”

“కొంచెం.”

“మధ్యాహ్నం తిన్నాక కూడా ఇక్కడికే రా. నేను పడుకుని ఉంటే లేపు” అంది నా భార్య.

పాలు పొంగుకు వచ్చాయి. ఆమె పొయ్యి తగ్గించి బియ్యం వేసింది. మళ్ళీ స్నానానికి వెళ్తుందనుకుని గీజరు వేయనా అని హాల్లోంచి అడిగాను. వద్దంది. పరమాన్నం దించి, చుక్కలు పడిన ఆ చీరతోనే దేవుడి గదిలోకి వెళ్ళి దీపం వెలిగించింది.