మేస్త్రి చేతి తప్పు కాదు

పోయిన నెల ఒక మంగళవారం, మూడో పీరియడ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. కోదాడలో సైకిల్ షాపు పక్కన పూలమ్మే ఆమె. "సారూ, మేస్త్రి లేడు ఇగ. పొద్దుగాల ఛాతీల నొప్పంటే సూర్యాపేట దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయింది" అంది. సరేనని పెట్టేసి, బోర్డు మీది లెక్క పూర్తి చేశాను కూడా. స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాకే ఆ కబురు తలకెక్కింది. ఎనిమిది నెలలుగా ఆయనకు చెప్పాలనుకుంటూ వాయిదా వేసిన మాట ఒకటుంది. నా చేయి విరగడానికి కారణం ఆయన కాదు, నేనేనని.

నాది మిర్యాలగూడ. అనంతగిరి బడికి బదిలీ అయి వచ్చి కోదాడలో ఇల్లు తీసుకున్నాను. నలభై దాటాక షుగర్ భయంతో మౌంటెన్ బైక్ కొన్నాను. భయం తగ్గింది, పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే చక్రాలు విప్పి సైకిల్‌ను కారులో వేసుకుని మేళ్లచెరువు వైపు సున్నపురాయి క్వారీల బాటలకు వెళ్లేవాణ్ణి. ఆ పిచ్చిని భరించింది ఇంట్లో మా ఆవిడ, బయట మేస్త్రి.

ఆయనకు అరవై దాటాయి. సూర్యాపేటలో గంటకింతని కిరాయి సైకిళ్లిచ్చే షాపులో పని నేర్చుకున్నాడు. గేర్ల సైకిళ్లు వచ్చినప్పుడు తోటివాళ్లు చేతులెత్తేస్తే, ఈయన ఒక్కో భాగం విప్పి చూసి నేర్చుకున్నాడు. సైకిల్ తీసుకెళ్తే ముందు దాన్ని స్టాండు మీదికెత్తి పెడల్ తిప్పి వినేవాడు. మనం నోరు తెరిస్తే చేయి అడ్డంపెట్టి, "బండి మాట్లాడుతుంటే మనం మాట్లాడొద్దు సారూ" అనేవాడు. రోజంతా మాట్లాడి బతికే నాకు అక్కడ మాత్రం నోరు కట్టుకోవలసి వచ్చేది.

వెనక డిరైలర్ అరిగిపోయినప్పుడు ఫోన్‌లో ఒకటి ఎంచి చూపించాను. వెనక చక్రం పక్కన వేలాడుతూ చైన్‌ను ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది అదే. నేను చూసింది రంగు, బరువు. ఆయన ఫోన్ పక్కన పెట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ వెనక పెద్ద చక్రం పళ్లు లెక్కపెట్టాడు. గేర్లు ఎన్ని ఉన్నాయో చూశాడు. "గిది పళ్లకు సరిపోతది. మీ బాటకు సరిపోదు. మీరు తిరిగేది కంకరల. ఉత్త స్ప్రింగుదైతే చైన్ ఎగిరెగిరి పడ్తది. క్లచ్ ఉన్నది కావాలె" అన్నాడు.

క్లచ్ అంటే డిరైలర్ లోపల బిగిసి ఉండే పట్టు. గతుకుల్లో చైన్ ఊగకుండా అది పట్టి ఉంచుతుంది. ఆ మాట అనేసి ఊరుకోలేదు ఆయన. బస్సెక్కి సూర్యాపేట వెళ్లి, ఒక దుకాణంలో నాలుగు రకాలు వేలితో లాగి చూసి, పట్టు బాగున్నది తెచ్చాడు. బిగించి, పక్కనున్న చిన్న మీటను చూపించాడు. "చక్రం ఇప్పేటప్పుడు గిది కిందికి, పట్టు ఇడుస్తది. మళ్ల బిగించినంక మీదికి. మర్సిపోవద్దు సారూ." నేను రోజూ పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పాడు. నేను మా పిల్లల్లాగే తల ఊపాను.

మూడు నెలల తర్వాత సర్వీసింగుకు ఇస్తే ఆ క్లచ్ మూత తీసి ఒక బొట్టు నూనె వేశాడు. కదిలే ప్రతిదానికీ నూనె పెట్టడం ఆయన తరం మేస్త్రీల ధర్మం. నూనె లేకుండా బండి ఇవ్వడం, చుట్టానికి నీళ్లివ్వకుండా పంపడంతో సమానం వాళ్లకు. ఆ వారమే క్వారీ దిగుడులో పెడల్ దగ్గరి పళ్లచక్రం మీంచి చైన్ జారింది. పెడల్ ఉత్తగా తిరిగింది, కాలు జారింది, పడ్డాను. కుడి మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని పడుకుని ఫోన్‌లో చదివాను. క్లచ్ లోపల రాపిడితోనే పట్టు ఉంటుందట, నూనె పడితే పోతుందట. ఇంకేముంది, మర్నాడే షాపుకెళ్లాను. ఇద్దరు గిరాకీలూ, పూలమ్మే ఆమె చూస్తుండగా, "తెలువని పని ఎందుకు ముట్టుకుంటరు మేస్త్రీ? నూనె పోసి నా చేయి ఇరగ్గొట్టిండ్రు" అని అరిచాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు రెండు రోజుల్లో రెండూ జారాయి.

ఆయన నా కట్టు వైపు చూసి, "అట్లనా సారూ. నా చేయే తప్పు చేసి ఉంటది" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎవరు గేర్ల సైకిల్ తెచ్చినా "నేను ముట్టుకోను, సూర్యాపేట తీస్కపోండ్రి" అని పంపేశాడని విన్నాను. అంత ఇష్టంగా నేర్చుకున్న పని మానేశాడు.

మూడు వారాలకు, పడ్డ రోజు బయల్దేరేముందు నా మిత్రుడు తీసిన ఫొటో చూస్తుంటే మీట కనిపించింది. కిందికి ఉంది. కారులోంచి దించి చక్రం బిగించింది నేనే, మీట ఎత్తడం మరిచింది నేనే. వెంటనే లేచి మీట పైకెత్తి డిరైలర్‌ను వేలితో లాగాను. కొత్తలో ఎంత బిగువుందో అంతే ఉంది. ఆయన నూనె దాన్ని ఏమీ చేయలేదు.

చెప్పడానికి వెళ్లాను. షాపులో ఇద్దరున్నారని తిరిగొచ్చాను. అందరి ముందూ అరిచినవాడికి క్షమాపణకు మాత్రం ఏకాంతం కావలసి వచ్చింది. రెండోసారి ఒక్కడే ఉన్నాడు. టీ తెప్పించి, "నొప్పి తగ్గిందా సారూ?" అని అడిగాడు. తగ్గిందన్నాను, టీ తాగాను, వచ్చేశాను. తర్వాత పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఇంకొకరి తప్పులు దిద్దడమే కదా నా ఉద్యోగం. సిగ్గేసింది, నిజం అదే.

పదకొండో రోజు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, లోపల్నుంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చింది. అందులో ఒక పాత క్లచ్ డిరైలర్, ముక్కలు ముక్కలుగా విప్పి, కిరోసిన్‌తో కడిగి, వరుసగా పేర్చి ఉంది.

"యాడికెల్లో తెప్పిచ్చుకుండు సారూ. రోజూ పొద్దుగాల ఇప్పేది, బిగించేది. గిదేంది, షాపుల చేయరాదా అంటే, 'సారు చేయి ఇరిగింది నా తోటి. యాడ తప్పు చేసిన్నో దొరకాలె' అనేటోడు. ఆ పొద్దు గూడ ముందలేసుకుని కూసున్నడు. ఆన్నే నొప్పొచ్చింది."

అప్పుడు చెప్పాను. మీట, ఫొటో, షాపుకు వెళ్లి చెప్పకుండా వచ్చిన రెండుసార్లూ, అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఒక్క మాట చెప్పకపోతిరి సారూ" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, పళ్లెం నా ఒళ్లో పెట్టింది. "ముక్కలు ముక్కలుగ ఇంట్ల ఉంచబుద్ధి ఐతలేదు. మీకెరుకే గదా. జర బిగించి ఇయ్యుండ్రి."

లోపల చుట్టాలు పిలిస్తే లేచి వెళ్లింది. నేను అరుగు మీద పళ్లెంతో కూర్చున్నాను. ఒక మర తీసి, తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టాను. ఏ ముక్క ముందో నాకు తెలియదు.