ఎర్ర చుక్కలన్నీ మనవే

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉన్నా. ఫోన్ మోగితే కట్ చేశా. మళ్ళీ మోగింది.

రమణక్క పోయింది అన్నారు.

ఏ రమణక్క అని అడిగా. నాకు తెలిసిన రమణక్క ఒక్కతే. అయినా అడిగా.

మార్కాపురంలో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ గుద్దిందట. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

నాకు డాష్‌బోర్డులు చేయడం, అంటే లెక్కలన్నీ ఒకే స్క్రీన్ మీద బొమ్మల్లా చూపించడం, నేర్పింది అక్కే. మా టీమ్ లీడ్. ఎక్సెల్ షీట్ చూస్తేనే చెమటలు పట్టే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ చార్ట్ ఎందుకో విసుక్కోకుండా చెప్పింది.

అబద్ధం. చాలా విసుక్కుంది. కానీ వదిలిపెట్టలేదు.

అక్కది అర్ధవీడు దగ్గర పల్లె. వాళ్ళ నాయనకు గొర్రెల మంద ఉంది. నేను ఆయన్ని పెదనాయన అంటాను. ఆయనకు చదువు రాదు. అందుకే ఆయన ఫోన్‌లో ఒక డాష్‌బోర్డ్ చేసిపెట్టింది. గొర్రెకో చుక్క. టీకా వేసినవి గ్రీన్, వేయాల్సినవి రెడ్.

పెదనాయన చూసి తెగ మురిసిపోయాడట. కాసేపటికి మొహం మాడ్చుకుని, "ఎర్రయి మనయి, సరే. ఈ పచ్చయి ఎవరియి పాపా? మన మందలో ఎట్ల కలిసినాయి?" అని కర్ర తీసుకుని గొర్రెల దొడ్లోకి పోయాడట.

వాళ్ళ గొర్రెల వీపు మీద వేసే గుర్తు ఎర్ర రంగు. పక్కింటి మందది పచ్చ రంగు!

అక్క ఆ రోజే మార్చేసింది. మంద మొత్తం ఎరుపు, టీకా పడాల్సినవి మాత్రం నలుపు. అప్పట్నుంచి నేను ఏ రంగు పెట్టినా ఒకటే ప్రశ్న. "చూసేదెవరు రా?"

పోయిన వారం కూడా అడిగింది. "ఎప్పుడూ రంగుల మీద పడతావేంది అక్కా" అని కసురుకున్నా. నవ్వింది. అదే చివరి మాట.

నిన్న సాయంత్రం వాళ్ళ ఊర్లో అంతా అయిపోయాక పెదనాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే ఏ గొర్రెకు టీకా పడిందో, దేనికి పడాలో ఆయన ఫోన్ చేసి చెప్తే అక్క చుక్కలు మార్చేది.

"రేపట్నించి ఎవరికి చెప్పాల నాయనా?" అన్నాడు.

నాకు చెప్పు పెదనాయనా అన్నా.

ఈరోజు పొద్దున నిజంగానే ఫోన్ చేశాడు. "చుక్కమొహం గొర్రెకి టీకా..." అని ఆగిపోయాడు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆ చుక్క నేనే మార్చా.

నిమ్మళంగా పడుకో అక్కా. ఇంక నిన్ను ఎవరం లేపం.

నీ రంగులు మార్చను.