త్సోలో బాబాయి చచ్చిన వేషం

మా అపార్ట్‌మెంట్ బ్లాకు వీధి తలుపు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు పోయినవాళ్ళు ఉంటారు. మా ప్లొవ్‌దివ్ ఊళ్ళో ఏ తలుపైనా అంతే. మనిషి పోగానే ఫొటో, పేరు, రెండు ముక్కలు రాసి నల్లంచు కాగితం అతికిస్తాం. నలభయ్యో రోజుకి ఇంకోటి, ఏడాదికి ఇంకోటి. ఆ తలుపు తాళాలూ, సెల్లార్ తాళాలూ, ఇంతమంది నోళ్ళూ భరించే బ్లాకు పెద్దరికం నా నెత్తిన పడి చాలా కాలమైంది. ఎవరికీ అక్కర్లేక నాకొచ్చిందిలెండి.

త్సోలో బాబాయి మూడో అంతస్తు. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని రాసి ఉంటుంది చూశారూ, ఈయన ఇంటికొచ్చాక కూడా అదే రూలు పాటించాడు. మాట్లాడితే సణుగుడు, లేకపోతే తిట్టు. భార్య దోచ్క కబుర్ల పుట్ట. చిక్కుడు గింజల సూపు ఎక్కువ వండి నాకో గిన్నె పంపేది. ఆవిడ ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు ఈయన పక్కన కూర్చుని మిరపకాయలు కాల్చే పొయ్యి పాడైందని చెప్పాడట. ఇంకేం చెప్పలేకపోయాడు. ఆ సంగతి నాకు తనే చెప్పాడు, చెప్పి మళ్ళీ ఆర్నెల్లు నోరు విప్పలేదు.

అలాంటి మనిషి నటుడయ్యాడంటే నమ్ముతారా? కలీనా అనే అమ్మాయి, ఇంకో ఇద్దరూ కలిసి మా సెల్లార్‌లో కార్టూన్ బొమ్మల సీరియల్ తీయడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ కోసం తీసే బొమ్మలవి. అందులో తలుపు మీద అతికించిన పోయినవాళ్ళంతా పగలల్లా ఒకరినొకరు తిట్టుకుంటూ, వచ్చేపోయే బతికున్నవాళ్ళ గుట్టు విప్పుతుంటారు. వాళ్ళ మాట బతికున్నవాళ్ళకి వినపడదు. ఒకరోజు గోల భరించలేక త్సోలో బాబాయి చెప్పులు ఈడ్చుకుంటూ దిగి, వాళ్ళ ఏడు తరాలనీ కడిగేశాడు. కలీనా చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి, “బాబాయ్, అదే తిట్టు ఇంకోసారి తిడతావా, రికార్డు చేసుకుంటాను” అంది. అలా ఆయన కాగితం మీది పోయిన ముసలాడి గొంతయ్యాడు.

గొడవ పోస్టరుతో వచ్చింది. పిల్లలు సరదాకి పోస్టరు కూడా నల్లంచు కాగితంలా వేసి మా తలుపుకే అతికించారు. అందులో బొమ్మ మొహం అచ్చుగుద్దినట్టు త్సోలో బాబాయిదే. పక్క బ్లాకు ముసలమ్మలు కళ్ళజోళ్ళు లేకుండా చూసి, పోయినవాళ్ళకి తెచ్చినట్టే సరిసంఖ్యలో పువ్వులు తెచ్చి, చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు పట్టుకుని పైకి వెళ్ళారు. తలుపు తీసింది త్సోలో బాబాయే. ఒకావిడ మెట్ల మీదే కూలబడింది. ఈయన తాపీగా, “రండి, పువ్వులు పాడు చేసుకోవడం దేనికి, దోచ్క ఫొటో దగ్గర పెడదాం” అన్నాడట.

ఇంకేముంది, స్నెజీనా టీచరు మీటింగు పెట్టమంది. ఆవిడ జీవితమంతా నర్సరీ పిల్లలకి చెప్పింది, మాకూ అలాగే చెబుతుంది. అందరం మెట్ల దగ్గర నిలబడ్డాం. సెల్లార్ ఖాళీ చేయించాలన్నది ఆవిడ పట్టు. అప్పటికి ఆఖరి ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అందులో వానకి కాగితం ఊడిపోయే ముందు ముసలాడు పెళ్ళాంతో ఏదో చెప్పాలి. ఏం చెప్పాలో నువ్వే చూసుకో బాబాయ్ అని కలీనా వదిలేసింది. ఆ నాలుగు మాటల కోసం ఈయన వారం నుంచి వంటింట్లో ఒక్కడే గొణుక్కుంటున్నాడు. గోడ అవతల నేనే కదా, వింటూనే ఉన్నాను.

“మా మేనల్లుడి ఇంట్లో అమెరికా వాళ్ళ బొమ్మల సీరియల్ ఒకటి చూశాను, అదీ పెద్దవాళ్ళదేనట,” అంది స్నెజీనా టీచరు. “అందులోనూ తాగుడే, బూతులే, చావులే. దాన్ని చూసి వీళ్ళు కాపీ కొట్టారు, అదీ సరిగ్గా కొట్టలేదు. మన రోజుల్లో పిల్లలకి ఎంత ముచ్చటైన బొమ్మలు చూపించేవాళ్ళం.”

“టీచరమ్మా, మీ కోడి పులుసు తిని కేకులా తియ్యగా లేదేమని ఎవరైనా అడిగారా?” అన్నాడు త్సోలో బాబాయి. “పిల్లలవి పిల్లలకి. ఆ అమెరికా వాళ్ళది నేనూ చూశాను, పగలబడి నవ్వాను, బాగుంది. కానీ అందులో చచ్చేది ఎవడో. నవ్వి లేచిపోతాం. మా సీరియల్లో వాడు చచ్చాక కూడా ఎక్కడికీ పోడు. రోజూ తలుపు మీద వాడి మొహం చూసుకుంటూనే రొట్టెకి వెళ్ళాలి. రెండూ ఒకటెలా అవుతాయి?”

“మరి ఆ బూతులెందుకు?”

“చచ్చినంత మాత్రాన మంచి మాటలొస్తాయా? నాకైతే బతికున్న మనిషి ఎదురుగా కూర్చున్నా రాలేదు. ఈ ఒక్కటీ చెప్పనివ్వండి. తర్వాత మీరే తాళం వేసుకోండి.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోను. స్నెజీనా టీచరు పర్సు సర్దుకుని, “ఒక్కటంటే ఒక్కటే” అని విసవిసా పైకెళ్ళింది.

రికార్డింగు రోజు తాళం నా దగ్గరే కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. సీరియల్లో పెళ్ళాం పేరు మార్గిత. త్సోలో బాబాయి మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. “దోచ్కా, సూపులో ఉప్పెక్కువైందని బతికినన్నాళ్ళూ సణిగాను. ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. ఎంత వేసినా నీ రుచి రావడం లేదే.”

“బాబాయ్, మార్గిత,” అంది కలీనా మెల్లగా. “ఇంకోసారి చేద్దాం.”

ఇంకోసారి చేశాడు. మళ్ళీ దోచ్కే. ఆ తర్వాత కూడా అంతే. చివరికి మైకుకి అడ్డంగా చెయ్యి పెట్టి, “అమ్మాయ్, ఈ మాటకి ఆ పేరు కుదరడం లేదు” అన్నాడు. కలీనా ముక్కు తుడుచుకుని మిషను కట్టేసింది. పేరు అలాగే ఉంచేశారు.

ఆ ఎపిసోడ్‌ని మా పేట గ్రంథాలయం హాల్లో వేశారు. బ్లాకంతా వచ్చింది, స్నెజీనా టీచరు కూడా వచ్చి మా వరసలోనే కూర్చుంది. ఆ పేరు రాగానే మా వరస అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ముందు కూర్చున్న ఎవరో కుర్రాడు మాత్రం పక్కవాడితో, “ఇది అచ్చం ఆ అమెరికా సీరియల్‌లా ఉందే” అన్నాడు.

స్నెజీనా టీచరు ముందుకు వంగింది. “దేనిలాగా లేదు నాయనా,” అంది, నర్సరీ పిల్లలకి చెప్పే గొంతుతోనే. “నోరు మూసుకుని చూడు.”

త్సోలో బాబాయి ఇవేమీ వినలేదు. తెర మీద తన గొంతు దోచ్కతో మాట్లాడుతుంటే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆవిడ ఏం జవాబు చెబుతుందోనన్నట్టు తల పక్కకి వంచి కూర్చున్నాడు.