చిట్టెం బాట

ఎమిల్ హూడాక్ ఆదివారాలు చర్చికి బురద కాలవ గట్టున రావడం మొక్కుబడేనని పెన్సిల్వేనియాలోని మా మిల్లు ఊరంతా పుకారు. అది అబద్ధం. అతను మొక్కులు మొక్కే మనిషి కాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మలను రోలర్ల మధ్య నలిపి కడ్డీలు తీస్తున్నాడు. రంగు చూసే వేడి ఎంతో చెప్పేస్తాడు. కాఫీని కూడా కళ్ళు చిట్లించి చూశాకే నోట పెడతాడు. ఆ కడ్డీలు వంతెనల కాంక్రీటులోకి పోయి మళ్ళీ ఎవరికీ కనబడవు. ఉక్కు కరిగించగా మిగిలే చిట్టెం పని మాత్రం అతని తోడల్లుడు రూడీది. రూడీ దాన్ని చల్లార్చి, కంకరగా కొట్టించి, మొన్న ఈస్టరుకు చర్చి దాకా బాట వేయించాడు. ఫాదరు అందరి ముందూ రూడీని మెచ్చుకుంటుంటే ఎమిల్ చేతిలో టోపీ నలిగిపోయింది. అప్పటినుంచీ ఆ బాట తొక్కడు. "నా పక్కన నడవనివాడివి నా పక్కన కూర్చోనూ వద్దు" అని భార్య ఇర్మా అతన్ని వెనక బెంచీకి తరిమేసింది.

పోయిన ఆదివారం బురద బూట్లతో మెట్లెక్కుతుంటే పట్టుకున్నాను.

"ఏరా, తోడల్లుడి మీద ఏడుపుతో పెళ్ళాన్నీ వదులుకుంటావా? ఒక్కసారి ఆ బాట మీద నడిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నడిచాను పెద్దమ్మా, ఎవరూ లేనప్పుడు. ఒక్క గుంటైనా దొరక్కపోతుందా అని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వెతికాను. వెధవ, ఒక్కటీ ఉంచలేదు."